ఉత్తరపు కొస ఊరికి చవక టికెట్టు

"ఒక్క నిమిషం పనోయ్, ఒకసారిలా రా!"

హాల్లోంచి భర్త ఈ కేక వేసేటప్పటికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. మాడిపోయిన పాలగిన్నె అడుగు గీకుతోంది. పాలు మాడబెట్టింది ఆమె కాదు. "నువ్వెళ్లి స్నానం చెయ్యి, నేను చూస్తూ ఉంటాలే" అని పొయ్యి దగ్గర నిలబడ్డ మహానుభావుడు పాలను వదిలేసి ఫోను చూస్తూ ఉండిపోయాడు. ఎవరు మాడబెడితేనేం, గీకేది మాత్రం ఒకరే కదా! ఇక "ఒక్క నిమిషం పని" అంటే ఎంతసేపు పడుతుందో ఆమెకు పెళ్లైన కొత్తలోనే తెలిసొచ్చింది. ఆ నిమిషం పని చెప్పేవాళ్లకు పట్టేది, చేసేవాళ్లకు పట్టేది కాదు.

ఈసారి ఆ నిమిషం ఎవరి కోసమయ్యా అంటే, ఆడపడుచు భర్త స్నేహితుడి తమ్ముడి కోసం. అతగాడికి ఎక్కడికో విమానం టికెట్టు కావాలట. చవగ్గా కావాలట. ఆమె అతని మొహం కూడా ఎరగదు. అయినా చేతులు తుడుచుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చోకపోతే ఏమంటారో ఆమెకు తెలుసు. "ఏమంత బరువులు మొయ్యమన్నామని?" అంటారు.

ఆమెను ఆ ఇంట్లో బేరాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది భర్తే, ఇంటినిండా చుట్టాలున్న రోజున, అందరూ పగలబడి నవ్వుతుండగా. "మా బేరాలమ్మ ఉండగా మనకి ఏజెంట్లెందుకండీ? అడిగిన ఊరికి అడిగిన రోజున చవక టికెట్టు తెచ్చి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పెడుతుంది" అన్నాడు. మెచ్చుకోలే అనుకుని ఆమె కూడా నవ్వింది. అప్పటి నుంచి పన్నెండేళ్లుగా అత్తవారి వైపు వాళ్లు ఎవరు ఎక్కడికి ఎగరాలన్నా ఈవిడే ఎగరెయ్యాలి. పెళ్లిళ్లకు, చావులకు, విహారాలకు, అలిగి పుట్టింటికి పోయిన తోడికోడళ్లను బతిమాలి తీసుకురావడానికి కూడా. ఇన్నేళ్లలో ఆమె మాత్రం ఒక్కసారి విమానం ఎక్కలేదు. ఎక్కాల్సిన పని పడినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సిన పని కూడా పడేది. ఆ ఎవరో ఒకరు ఎవరో వేరే చెప్పాలా?

భర్తకు ఈ విద్యలో ఒక సిద్ధాంతం ఉంది. "ఇందులో బ్రహ్మవిద్య ఏముందోయ్? తక్కువ ధరలు పైకి వచ్చేలా పెట్టు, మొదటి వరసలో ఏది ఉంటే అది నొక్కు. కోతికి నేర్పినా వస్తుంది" అంటాడు. నిజానికి ఆమె ఈ పన్నెండేళ్లలో మొదటి వరసలో ఉన్నదాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. మొదటి వరసలో ఉండేది ఎప్పుడూ వల. ధర చూస్తే నోరూరుతుంది, లోపలికి వెళ్లి చదివితే కళ్లు తిరుగుతాయి. సామానుకు వేరే కట్టాలి, కూర్చోవడానికి వేరే కట్టాలి, ఒక విమానాశ్రయంలో దిగి ఊరికి అవతల ఉన్న ఇంకో విమానాశ్రయంలో ఎక్కాలి, మధ్యలో ఏది తప్పినా ఎవరికీ బాధ్యత లేదు. ఆమె అవన్నీ దాటుకుంటూ కిందికి, ఇంకా కిందికి వెళ్లేది. ధర కొంచెమే ఎక్కువగా ఉండి మనుషులు మనుషుల్లా ప్రయాణం చెయ్యగలిగేది ఒకటి పట్టేది. అది తగ్గేదాకా రోజూ కాపు కాసేది, వంటింట్లో, బస్సులో, పళ్ల ఆస్పత్రి కౌంటర్ వెనక. వాళ్లేమో హాయిగా వెళ్లి హాయిగా దిగి, "చూశారా, మొదటి వరసలోది నొక్కితే చాలు" అని ఊరంతా చెప్పేవాళ్లు. ఆమె ఎందుకు చెప్పలేదంటే, వినడానికి కూడా ఒక్క నిమిషం పడుతుంది కదా, అది వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండేది కాదు.

పళ్ల ఆస్పత్రి అంటే ఆమె ఉద్యోగం చేసే చోటు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, నొప్పితో అరిచేవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం ఆమె పని. జీతం దానికే. కానీ ఆ డాక్టరుగారి భార్య ఏడాదికి నాలుగుసార్లు చెల్లెలి ఊరికి వెళ్తుంది. "మీకు అలవాటే కదమ్మా, ఒక్క నిమిషం పని" అంటాడు డాక్టరు, రోగి నోట్లో రెండు చేతులూ ఉంచుకుని. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

ఆ స్నేహితుడి తమ్ముడి టికెట్టు ముగించి, ఆమె మళ్లీ గిన్నె దగ్గరికి వెళ్తుండగా పిన్ని ఫోను చేసింది.

ఈ పిన్ని గురించి చెప్పాలి. తల్లి పోయిన ఆరేళ్ల పిల్లను ఒళ్లో వేసుకుని పెంచిన మనిషి. ఆ పిల్ల కోసమో, తన కోసమో, పెళ్లి చేసుకోలేదు. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. ఈమె పెళ్లయిన ఏడాది పిన్నికి ఉత్తరాన ఆ కొసనున్న ఊరికి బదిలీ అయింది. దాని తర్వాత ఇక మంచు తప్ప ఊళ్లు లేవు. ఎండాకాలంలో సూర్యుడు కొండ చాటుకు వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వచ్చేస్తాడు, చలికాలంలో అసలు మొహమే చూపించడు. రెండేళ్లని వెళ్లిన పిన్ని అక్కడే ఉండిపోయింది. "ఇక్కడ మంచు కొలుస్తాను, గాలి కొలుస్తాను. నన్ను కొలిచేవాళ్లు లేరే, అదే సుఖం" అనేది. రమ్మని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే ఈమెకు ఇంట్లో ఎంత ఇబ్బందో ఆవిడకు తెలుసు.

"గుండెలో కవాటం ఒకటి మొరాయిస్తోందటే" అంది పిన్ని ఫోనులో, ఇంట్లో కుళాయి కారుతోందని చెప్పినట్టు. "వచ్చే నెల రెండో సోమవారం కోస్తారట. నువ్వేం కంగారు పడకు. రావక్కర్లేదు." అని, వెంటనే మళ్లీ అంది. "వస్తే బాగుణ్ణే. లోపలికి తీసుకెళ్లేముందు నీ మొహం ఒకసారి చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది నాకు."

పుట్టి బుద్ధెరిగాక పిన్ని తనను అడిగింది ఇదొక్కటే. ఆమె గిన్నె అలాగే వదిలేసి హాల్లోకి వెళ్లి భర్తతో చెప్పింది.

"అంత దూరమా!" అన్నాడాయన. "అక్కడికి డైరెక్టు విమానం ధర ఎప్పుడైనా చూశావా? ఇల్లమ్ముకోవాలి." ఆమె మొహం చూసి కొంచెం తగ్గాడు. "సరేలే, చవగ్గా దొరికితే వెళ్లు. ఊరందరికీ వెతుకుతావుగా, నీకు నువ్వు వెతుక్కోలేవా? చూద్దాం నీ సామర్థ్యం!"

పందెం కాసినట్టు నవ్వాడు. ఆమె జీతం కూడా పడే ఖాతా ఆయన పేరు మీదే ఉంది, కార్డు ఆయన జేబులో ఉంటుంది, ఏది కొన్నా వచ్చే ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. ఆయన కాదంటే ఆమె ఒక సబ్బుబిళ్ల కూడా తెప్పించుకోలేదు. అందుకని ఆ నవ్వును కూడా అనుమతి కిందే లెక్కేసుకుంది.

వెతికింది. ఊరందరి కోసం వెతికినప్పుడు చెయ్యి వెతికేది, ఇప్పుడు ప్రాణం వెతికింది. ఆ ఊరికి విమానాలే తక్కువ, ఉన్నవాటికి ధరలు నెత్తికెక్కి కూర్చున్నాయి. భోజనం వేళ రోగులు లేనప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, బట్టలు ఆరేస్తూ నోట్లో క్లిప్పు పెట్టుకుని కూడా చూసింది. ఆ ఊరికి ఎన్ని దారులున్నాయో, ఏ విమానం ఎక్కడ ఆగుతుందో, ఊరి పక్కనున్న సరస్సుకు ఏ గట్టున దిగుతుందో అన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి. చివరికి ఒకటి దొరికింది. ఒక్కచోట మారాలి. శనివారం ఇక్కడ ఎక్కితే ఆదివారం పొద్దున్నే అక్కడుంటుంది, సోమవారం పిన్ని పక్కనుంటుంది. ధర చూసి ముందు నమ్మలేదు, ఎవరో పొరపాటున ఒక అంకె వెయ్యడం మరిచిపోయారనుకుంది. ఆనందం పట్టలేక కౌంటర్ మీద రెండు చేతులూ చరిచింది. పన్నునొప్పితో కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి నొప్పి కూడా మరిచిపోయాడు.

ఆదివారం భోజనాలకు పక్క వీధిలో ఉండే ఆడపడుచు, ఆవిడ భర్త కూడా వస్తారు. అందరూ తింటుండగా ఆమె వడ్డిస్తూనే చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో గర్వం దాచుకోలేకపోయింది. అదే ఆమె చేసిన తప్పు.

"అంత తక్కువా!" అంది ఆడపడుచు, చెయ్యి కంచంలో ఆగిపోయి. "వదినా, సూర్యుడు అస్తమించనిది ఆ ఊళ్లోనే కదూ? మా ఆఫీసులో అందరూ ఫోటోలు పెట్టారు. నేనొక్కదాన్నే చూడలేదు."

"హోటల్ ఖర్చు కూడా ఉండదు" అన్నాడు ఆడపడుచు భర్త. "పిన్నిగారిల్లు ఉండనే ఉంది."

"ఆవిడ ఆస్పత్రిలో ఉంటుంది కదరా?" అంది అత్తగారు.

"అదేగా సౌకర్యం!" అన్నాడు భర్త. "ఇల్లంతా ఖాళీ!"

ఆ మాట అన్నవాడికీ విన్నవాళ్లకూ ఎవరి గొంతులోనూ ముద్ద అడ్డం పడలేదు. ఉచితంగా వస్తే ఫినాయిల్ కూడా తాగే మనుషులు. రెండోసారి కూర వడ్డించేసరికి నలుగురి ప్రయాణం ఖాయమైపోయింది. మామగారికి విమానం పడదు, చెవులు నొప్పెడతాయి. ఆయన ఇంట్లో ఉంటారు. ఆయన ఇంట్లో ఉంటే వేళకు వేడిగా వండిపెట్టేవాళ్లు ఒకరు ఉండాలి. నలుగురూ ఒక్కసారి తలెత్తి ఆమె వైపు చూశారు, గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిని అప్పుడే చూసినట్టు.

"మరి నేను..." అంది ఆమె.

"మేం వెళ్తున్నాం కదోయ్" అన్నాడు భర్త. "నీ బదులు మేమే పలకరించి వస్తాం. పళ్లు కూడా పట్టుకెళ్తాం."

"ఆపరేషన్ చేసేది డాక్టర్లమ్మాయ్, నువ్వెళ్లి చేసేదేముంది?" అంది అత్తగారు. ఆవిడ దృష్టిలో అది ఓదార్పు.

"నువ్వు ఎప్పుడైనా వెళ్లొచ్చు వదినా, నీకు టికెట్టు దొరకడం ఎంతసేపు?" అంది ఆడపడుచు.

భర్త అప్పటికే లెక్కల్లో పడ్డాడు. "ఒక్కరికే ఇంత చవకంటే నలుగురికి ఇంకా తగ్గాలి. హోల్‌సేల్ కదా!"

"విమానాలకి హోల్‌సేల్ ఉండదండీ" అంది ఆమె.

"నువ్వు చూడు ముందు. మొదటి వరస, మొదటి వరస!"

వాళ్లు తిన్న కంచాలు తోముతూ ఆమె ఏడుద్దామనుకుంది. ఏడుపు రాలేదు. కసి వచ్చింది. చిన్న చిన్న అవమానాలకు ఆమె ఎప్పుడో మొద్దుబారిపోయింది. బేరాలమ్మ అన్నా, కోతికి నేర్పినా వస్తుందన్నా, గుండెకు తగలడం మానేసి చాలా కాలమైంది. కానీ ఇది అవమానం కాదు, దోపిడీ. తను రెక్కలు ముక్కలు చేసుకుని వెతికిన దారిని లాక్కున్నారు, దారి చివర తన కోసం ఎదురుచూసే మనిషి మంచాన్ని కూడా లాక్కున్నారు. పిన్ని గుండె కోస్తుంటే వీళ్లు పిన్ని పరుపు మీద పడుకుంటారు. పిన్ని కప్పుల్లో కాఫీ తాగి, కడక్కుండా వదిలేసి వస్తారు. ఆవిడ కుట్లు వేయించుకుని ఇంటికొచ్చి వాటిని కడుక్కోవాలి! అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, వీళ్లు తన పిన్ని ఇంటిని తమకు తామే దానం చేసుకున్నారు. చేతిలో గాజు గ్లాసు పగిలినంత పనయింది, అంత గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున ఒక్కసారి అడిగి చూసింది, తర్వాత ఎవరూ అడగలేదని అనకుండా. "నేనూ వస్తానండీ. మామగారికి నాలుగు రోజులు బయట నుంచి భోజనం తెప్పిద్దాం." భర్త అద్దంలో చూసుకుంటూ టై సర్దుకుంటున్నాడు. వెనక్కి కూడా తిరగలేదు. "చిన్నపిల్లలా మారాం చెయ్యకోయ్. నీకేం తక్కువైందిప్పుడు?" అన్నాడు అద్దంలోంచే. సరే, అనుకుంది ఆమె. ఆ సరే అంటే ఏమిటో అద్దానికి కూడా తెలియదు.

ఆ రోజు పళ్ల ఆస్పత్రిలో డాక్టరుగారి భార్య టికెట్టు చూస్తూ, ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేసింది. టికెట్లు కొనే ఆ సైటులో పైన మూలన ఆమె పేరు ఉంటుంది. ఎవరికి కొన్నా ఆమె ఖాతాలోంచే కొనేది. భర్తకు గానీ డాక్టరుకు గానీ మరొకరికి గానీ ఖాతా తెరిచే ఓపిక లేదు, "నీది ఉందిగా" అనేవాళ్లు. ఆ పేరు పక్కన చిన్న బంగారు రంగు నక్షత్రం ఒకటి చాలా కాలంగా మిణుకుమంటోంది. ప్రకటనేమోలే అని వదిలేసేది. ఇప్పుడు నొక్కింది. కొన్న ప్రతి టికెట్టుకూ కొనిపెట్టినవాళ్లకు పాయింట్లు వేస్తారట. పన్నెండేళ్ల పాయింట్లు. చుట్టాల పెళ్లిళ్లవీ చావులవీ, డాక్టరుగారి భార్యవీ, స్నేహితుడి తమ్ముడివీ, అలిగిన తోడికోడళ్లవీ, అన్నీ అక్కడ కుప్పపడి ఉన్నాయి. ఆమె ఆ అంకెను రెండుసార్లు చదివింది. ఆ ఊరికి ఇల్లమ్ముకుంటే గానీ రాదన్న డైరెక్టు విమానం ఉందే, అందులో కిటికీ పక్క సీటు ఆ పాయింట్లకు వస్తుంది. కార్డు అక్కర్లేదు. ఆ సైటు పంపే ఓటీపీ ఆమె ఫోనుకే వస్తుంది. వచ్చింది కూడా. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు కారాయి, ఆ నీళ్లు నవ్వువేనా అని అడిగేవాళ్లు అక్కడ లేరు.

లోపల్నుంచి డాక్టరు కేకేశాడు. "అయిందా అమ్మా?"

"నేను శనివారం నుంచి రాను డాక్టరుగారూ. మా పిన్నికి ఆపరేషన్."

"అయ్యో! మరి మా ఆవిడ టికెట్టు?"

"మీరే చూసుకోండి. తక్కువ ధర పైకి పెట్టి మొదటి వరసలోది నొక్కడమే. ఒక్క నిమిషం పని."

ఇక ఇంట్లో మిగిలిన పని. ఆ సాయంత్రం భర్త కాఫీ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆమె తక్కువ ధరలు పైకి వచ్చేలా పెట్టింది. మొదటి వరసలో ఒకటి ప్రత్యక్షమైంది. ఎన్నో వలలు చూసిన ఆమె కూడా అలాంటిదాన్ని చూడలేదు. ధర చూసి భర్త కాఫీ ఒలకబోసుకున్నాడు.

"చెప్పానా! హోల్‌సేల్!"

"వివరాలు చదవమంటారా?"

"చదివేదేముంది?"

"మూడుచోట్ల మారాలండీ."

"మారితే ఏం, కాళ్లు లేవా?"

"సామానుకి విడిగా..."

"ఇదిగో, నువ్వెప్పుడూ ఖర్చు పెంచే మాటలే చెప్తావు. అందుకే మీ ఆడవాళ్లకి డబ్బు చేతికివ్వకూడదనేది!"

"అయితే మీరే నొక్కండి" అంది ఆమె, కుర్చీ పక్కకు జరిపి.

నొక్కాడు. కింద చదివి ఒప్పుకున్నానని ఒక గడి ఉంటుంది, అదీ నొక్కాడు. డబ్బు తిరిగి రాదని ఇంకో గడి, అదీ నొక్కాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. ఒక్కటి మాత్రం ఆమె చెప్పలేదు. ఆ టికెట్టు మీద చివరికి దిగే విమానాశ్రయానికి ఊరి పేరే ఉంటుంది గానీ, అది పెద్ద సరస్సుకు ఆవలి గట్టున ఉంటుంది. అక్కణ్ణుంచి ఊళ్లోకి పడవే దారి, ఆ పడవ రోజూ ఉండదు. మనసు పీకలేదా అంటే, కొంచెం పీకింది. అత్తగారి మోకాళ్లు గుర్తొచ్చి, ఆవిడకు ప్రతిచోటా చక్రాల కుర్చీ కావాలని తర్వాత విడిగా అడిగి పెట్టింది. అది ఉచితం. మిగిలిందంతా కావాలనే చేసింది. పాపమైతే పాపమే. పుణ్యం చేసి పన్నెండేళ్లు చూసిందిగా!

శనివారం తెల్లవారుతూనే నలుగురూ బయల్దేరారు. ఆడపడుచు ఒక్కతే మూడు పెద్ద పెట్టెలు తెచ్చింది. చలికోట్లు, ఫోటోల కోసం రంగురంగుల బట్టలు. "ఇవన్నీ తీసుకెళ్లొచ్చా వదినా?" అంది. "నీకేది కావాలంటే అది పెట్టుకో" అంది ఆమె, చాలా ప్రేమగా. భర్త కారెక్కుతూ వేలు చూపించాడు. "నాన్నకి మధ్యాహ్నం వేళ దాటనివ్వకు."

కారు మలుపు తిరిగాక ఆమె లోపలికి వచ్చి బీరువా మీదున్న తన చిన్న సూట్‌కేసు దించింది. మామగారు పేపరు పక్కనపెట్టి చూశారు. చాలా తక్కువ మాట్లాడే మనిషి.

"ఎక్కడికమ్మా?"

"మా పిన్ని దగ్గరికండీ."

"వాళ్లు వెళ్లారుగా?"

"వాళ్లు ఇల్లు చూడ్డానికి వెళ్లారు. నేను మనిషిని చూడ్డానికి వెళ్తున్నాను."

ఆయన కాసేపు ఆలోచించారు. అంత ఆలోచనలోంచి ఏదో మంచిమాట వస్తుందని ఆమె ఒక క్షణం ఆశపడింది. "మరి నా భోజనం?" అన్నారాయన.

ఆమె ఆయన్ను వంటింట్లోకి తీసుకెళ్లి బియ్యం చూపించింది, కొలిచే గ్లాసు చూపించింది, కరెంటు కుక్కర్ చూపించింది. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఇంటంత బాయిలర్ నడిపిన మనిషి ఆ కుక్కర్‌ను పాముని చూసినట్టు చూశారు. "ఈ మీట నొక్కడమేనా?" అన్నారు. "నొక్కడమే మామగారూ. మిగతాది అదే చూసుకుంటుంది" అంది ఆమె. తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టి గడప దాటింది.

ఊళ్లో సగం మందిని విమానాలెక్కించిన మనిషికి సీటు బెల్టు పెట్టుకోవడం రాలేదు. పక్కావిడ పెట్టింది. విమానం లేస్తుంటే ఆమె కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. కింద ఇళ్లు చిన్నవైపోయాయి. అందులో ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి గిన్నె గీకుతూ ఉంటుంది అనుకుంది. దిగేసరికి సాయంత్రమైంది గానీ ఎండ మాత్రం మిట్టమధ్యాహ్నంలా ఉంది. చలి చెంపల్ని కొరికింది. పిన్ని ఇల్లు ఆస్పత్రికి దగ్గరే, రెండు గదులు, కిటికీ బయట గాలిని కొలిచే గిన్నెలు గిర్రున తిరుగుతున్నాయి. తలుపు తీసిన పిన్ని ఆమెను చూసి, రెండు చేతులతో మొహం పట్టుకుని, వేళ్లతో నుదురూ చెంపలూ తడిమి, "చిక్కిపోయావే దొంగముండా" అని ఏడ్చేసింది. ఏ కాస్త సన్నబడ్డా తల్లి లాంటి మనిషి కంటికే తెలుస్తుంది.

ఫోను తెరిస్తే భర్త సందేశాలు చీమల్లా బారులు తీరి ఉన్నాయి. పెట్టెలకు టికెట్టు కంటే ఎక్కువ అడుగుతున్నారట. ఆడపడుచు రెండు పెట్టెలు అక్కడే వదిలేసి, ఒకదాని మీద ఒకటి నాలుగు చలికోట్లు తొడుక్కుని ఎక్కిందట. నలుగురికీ నాలుగు మూలల సీట్లట. రెండో విమానాశ్రయం నుంచి మూడోదానికి వెళ్లడానికి బస్సు దొరక్క తర్వాతి విమానం తప్పిందట, ఇనప కుర్చీల్లో పడున్నారట. ప్రతి సందేశం చివరా ఒకటే మాట: ఎత్తవేం? ఆదివారమంతా అవి వస్తూనే ఉన్నాయి. ఆమె పిన్నికి ఒక్కొక్కటీ చదివి వినిపించింది. నాలుగు కోట్ల దగ్గర పిన్ని గుండె పట్టుకుని, "ఆపవే తల్లీ, ఇప్పుడే నవ్వించి చంపకు. రేపటిదాకా నాకు ఈ కవాటంతో పనుంది" అంది. తర్వాత నవ్వు ఆపి, "అంత కసేంటే నీకు?" అని అడిగింది. "చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత" అంది ఆమె.

సోమవారం పొద్దున్నే పిన్నిని ఆకుపచ్చ గౌనులో మంచం మీద తోసుకుంటూ తీసుకెళ్తుంటే ఆమె పక్కనే నడిచింది. తలుపు దగ్గర నర్సు ఆగమంది. పిన్ని ఆమె మొహాన్ని చూసింది. కళ్లతో తాగేస్తున్నట్టు చూసింది. "చాలే, ఇక కోసుకోమను" అంది. తలుపులు మూసుకున్నాయి. ఆమె బయట బల్ల మీద కూర్చుంది. ఎన్నో ఊళ్లకు ఎన్నో దారులు వెతికింది గానీ ఈ బల్ల దగ్గరికి వచ్చే దారికి పడ్డంత కష్టం దేనికీ పడలేదు. ఇక్కడ తను చెయ్యగలిగిందేమీ లేదు, అత్తగారు చెప్పింది నిజమే. ఉండటమే ఇక్కడ పని. ఇన్నాళ్లూ అందరికీ చేసిపెట్టిన పనుల్లో ఇంత అవసరమైంది ఒక్కటీ లేదని కూర్చున్నంతసేపూ అనిపించింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మ బయటికి వచ్చి, నోటి ముసుగు దించి, "బాగా జరిగిందమ్మా. సాయంత్రానికి మాట్లాడుతుంది" అంది. ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

అప్పుడు మోగింది ఫోను. ఈసారి ఎత్తింది.

"ఎక్కడ చచ్చావ్! మూడు రోజుల నుంచి చేస్తున్నా!" భర్త గొంతు బొంగురుపోయి ఉంది. వెనక గాలి హోరు. "ఇదేం ఊరు? బోర్డు మీద పేరుంది గానీ ఊరు లేదు! ఎదురుగా సముద్రమంత సరస్సు. బుధవారం దాకా పడవ లేదంటున్నారు. అమ్మ ఆ చక్రాల కుర్చీలోంచి లేవనంటోంది, చెల్లెలు నాతో మాట్లాడ్డం మానేసింది!"

"అవునండీ. విమానాశ్రయం ఆ గట్టున, ఊరు ఈ గట్టున."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి చెప్పలేదేం?"

"మొదటి వరసలోది అదేనండీ."

"సరే, సరే. తిట్లు ఇంటికొచ్చాక. ముందు మమ్మల్ని ఇక్కణ్ణుంచి బయటపడెయ్. ఏదో ఒకటి వెతుకు, నీకు ఒక్క నిమిషం పని. మీ పిన్ని ఇంటి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో."

"నా దగ్గరుంది."

"నీ దగ్గరెలా ఉంటుంది?"

"ఈ గట్టునే ఉన్నానండీ, ఆస్పత్రిలో. పిన్నికి ఆపరేషన్ బాగా జరిగింది, మీరు అడగలేదు గానీ. ఇల్లు మాత్రం కుదరదు. రెండే గదులు. పిన్ని పడుకోవాలి, నేను పడుకోవాలి."

"నువ్వక్కడ... నాన్న? నాన్నకెవరు వండుతున్నారు?"

"నాన్నగారే."

ఆయన గొంతు మారింది. పన్నెండేళ్లలో ఆమె ఆ గొంతును వినలేదు. అందులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది.

"ఎవర్ని అడిగి వెళ్లావ్? ఎప్పుడొస్తున్నావ్ ఇంటికి? రిటర్న్ ఎప్పటికి తీసుకున్నావ్?"

"రిటర్న్ తీసుకోలేదండీ" అంది ఆమె. "వన్‌వే చవగ్గా వచ్చింది."